నోట్‌బుక్‌లో లేని సూదులు

ఆ రోజు పొద్దున సుశీల చేతిలోంచి పువ్వు జారిపోయింది. మా చెల్లెలి జబ్బు గురించి ఎవరు అడిగినా నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

సుశీల నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ధరూర్ మండలంలోని ఒక ఊళ్లో ఆమె, ఆమె భర్త వెంకటయ్య రెండెకరాల్లో విత్తన పత్తి వేస్తారు. ఇక్కడ పేర్లన్నీ మార్చాను. విత్తన పత్తికి పని ఎక్కువ. ఆడ వరుసల్లో మధ్యాహ్నం పూట మొగ్గలు గిల్లి, లోపలి పుప్పొడి భాగం తీసేయాలి. మరునాడు పొద్దున మగ వరుసల పూలు తెంపుకొచ్చి, గిల్లిన ప్రతి మొగ్గకూ ఆ పుప్పొడి అంటించాలి. ఊళ్లో దీన్ని క్రాసింగ్ అంటారు. అంతా వేళ్ల కొసలతో చేసే పని. సీజన్లో ఒక్క పూట కూడా ఆపడానికి వీల్లేదు. సుశీల చేతివేగం ఊళ్లో అందరికీ తెలుసు. కూలీలు ఆమె పక్క వరుస పట్టడానికి జంకేవాళ్లు.

ఆ పొద్దున పువ్వు మూడుసార్లు జారి కింద పడింది. చేయి నిద్రపోయిందేమో అనుకుని విదిలించుకుంది. వేళ్లు మడవడం రాలేదు. పదిన్నర దాటాక వాటంతటవే సర్దుకున్నాయి. ఆ సాయంత్రం చలి, జ్వరం. తెల్లారేసరికి జ్వరం లేదు. వేళ్లు మాత్రం మళ్లీ బిగుసుకుపోయాయి.

నేను గద్వాలలో ముప్పై ఏళ్లుగా ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేస్తున్నాను. విన్నదీ చూసిందీ తేదీ వేసి రాసుకోవడం అలవాటు. నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లినప్పుడు సుశీల పేరు మీద ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. జ్వరం ఎన్ని గంటలకు వచ్చింది, థర్మామీటర్ ఎంత చూపింది, ఏ మాత్ర వేసుకుంది, ఏ డాక్టరు ఏమన్నాడు. ఇవన్నీ అందులో ఉన్నాయి. అందులో లేనిదేమిటో నాకు మూడు నెలల తర్వాత తెలిసింది.

వెంకటయ్య వాళ్లన్న రాములు ఆ ఊళ్లో ఆర్ఎంపీ. ఇరవై ఏళ్లకు పైగా ఊరంతటికీ మొదటి వైద్యం ఆయనదే. నేనూ ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటాం. ఆ రోజు ఆయన గడపలోనే నిలబడి, "వైరల్ ఫీవర్ బావా. వారం రోజులల్ల పోతది. గోలీలిచ్చిన," అన్నాడు.

వారంలో పోలేదు. గద్వాలలో రక్తపరీక్షలు చేయించాం. మలేరియా లేదు, డెంగీ లేదు. టైఫాయిడ్ పరీక్షలో కొంచెం తేడా ఉందని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. వాటితో లాభం లేకపోయింది. దానికి తోడు గొంతునొప్పి మొదలైంది. మింగితే ముల్లు దిగినట్టు ఉండేదట. మూడో వారంలో తల దువ్వుకుంటుంటే మెడకు ఎడమపక్క చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. పది రోజులకు దాని పక్కనే ఇంకొకటి. ఎవరో చెప్పారని సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. గడ్డలు అలాగే ఉన్నాయి, పైన చర్మం మాత్రం కాలింది.

వనపర్తిలో ఒక డాక్టరు గడ్డలో సూది గుచ్చి పరీక్షకు పంపారు. ఎఫ్ఎన్ఏసీ అంటారు. రిపోర్టులో ముఖ్యమైన మాట నెక్రోసిస్. అంటే గడ్డ లోపల కణాలు చచ్చిపోయి ఉన్నాయని. టీబీ క్రిమి మాత్రం కనిపించలేదు.

"క్రిమి ప్రతిసారీ కనపడదు. మన దిక్కు మెడల గడ్డలు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గుడు ఉంటే ముందుగాల టీబీనే అనుకోవాలె," అన్నారు ఆ డాక్టరు.

ఆ మాటలో తప్పుందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఆయన ముందున్న కాగితాలు చూస్తే ఇంకెవరైనా అదే చెప్పేవారు.

టీబీ మాత్రలు మొదలుపెట్టిన అయిదో రోజు జ్వరం రాలేదు. ఆరో రోజూ రాలేదు. 'మందు పనిచేస్తోంది' అని నోట్‌బుక్‌లో రాసి కింద గీత గీశాను. చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పాను. తొమ్మిదో రోజు జ్వరం మళ్లీ వచ్చింది. వారం ఉండి తగ్గింది. మళ్లీ వచ్చింది. నోట్‌బుక్‌లో ఆ పేజీలు తిప్పితే రంపం పళ్లలా ఉంటాయి. ఆరో వారంలో వాంతులు పట్టుకున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. లివర్ దెబ్బతింటోందని మాత్రలు ఆపించారు. అప్పటికి సుశీల పదకొండు కిలోలు తగ్గింది. క్రాసింగ్ పనికి వెంకటయ్య కర్ణాటక వైపు నుంచి కూలీలను పిలిపించాడు. ఆమె గట్టు మీద కూర్చుని చూసేది.

నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన ఫిజీషియన్ ఒకరు నాకు పాత పరిచయం. ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. నోట్‌బుక్ మొత్తం తిరగేసి అడిగారు.

"జ్వరం ఎన్ని గంటలకొస్తదమ్మా?"

"అయిదు, అయిదున్నరకు సార్. గడియారం పెట్టినట్టె."

"ఇప్పుడు పదకొండు. అయిదున్నర దాంక ఆ బెంచీ మీద కూసోన్రి."

వెంకటయ్య గాబరాపడ్డాడు. "బస్సు పోతది సార్."

"బస్సు రేపు గూడ ఉంటది. జ్వరం చూడకుంట నన్నేం చెప్పమంటవు?"

కూర్చున్నాం. అయిదుంబావుకు సుశీలకు వణుకు వచ్చింది. డాక్టరు లేచి వచ్చి ఆమె జబ్బల మీద, వీపు పైభాగంలో చూశారు. లేత గులాబీ రంగు మచ్చలు అప్పుడప్పుడే తేలుతున్నాయి. చెంచా కాడతో చేతి మీద మెల్లగా గీస్తే, గీసిన చోట గులాబీ చార తేలింది.

"వీటిని ముందెప్పుడన్న చూసినవా?"

"చెమటకాయలనుకున్న సార్. పొద్దుగాలకు పోతయి."

"జ్వరంతోటి వస్తయి, జ్వరంతోటి పోతయి. మీరంత పొద్దున దవాఖానకు పోయి మధ్యాహ్నానికి ఇంటికి పోతిరి. ఇగ ఏ డాక్టరుకు కనపడాలె?"

ఫెరిటిన్ అనే రక్తపరీక్ష రాశారు. మామూలుగా మూడంకెలు దాటనిది అయిదంకెల్లో వచ్చింది. ల్యాబ్ వాళ్లు నమ్మకం కలగక రెండోసారి చేశారు. డాక్టరు కాగితం బల్ల మీద పెట్టారు. "ఇది స్టిల్స్ డిసీజ్ లెక్క ఉంది. శరీరం తనమీద తనే మంట పెట్టుకునే జబ్బు. కీళ్లు, జ్వరం, గొంతునొప్పి, ఈ మచ్చలు, ఫెరిటిన్, అన్నీ సరిపోతున్నయి. గడ్డలు గూడ రావచ్చు. కాని ఆ గడ్డల లోపల నెక్రోసిస్ ఎందుకుందో నాకు తెలుస్తలేదు. లింఫోమా అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. అది కాదని తేలాలె. తేలేదాంక స్టెరాయిడ్ ముట్టొద్దు. హైదరాబాద్ పోన్రి."



హైదరాబాద్ ప్రయాణం రోజున సుశీల తేలిగ్గా ఉంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే వెంకటయ్య కిటికీలోంచి ఆంజనేయస్వామికి దండం పెట్టాడు. ఆ సాయంత్రం జ్వరం రాకపోతే స్వామి దయ అన్నాడు. నేను 'జ్వరం లేదు' అని రాసుకున్నాను.

హైదరాబాద్‌లో రుమటాలజీ, అంటే కీళ్ల జబ్బుల డాక్టర్ ఒకామె. తక్కువ మాట్లాడతారు. అడ్మిట్ చేసుకున్న రోజే అడిగారు. "ఈ మూడు నెలల్లో స్టెరాయిడ్ ఏమైనా తీసుకున్నారా? టాబ్లెట్ గానీ, ఇంజెక్షన్ గానీ?"

సుశీల నోరు విప్పేలోపు నేను జవాబు చెప్పాను. "లేదు మేడమ్. ప్రతిదీ రాసిపెట్టాను." నోట్‌బుక్ ఇచ్చాను. ఆమె తిరగేసి, ఇంత బాగా రాసుకొచ్చేవాళ్లు అరుదు అన్నారు. నాకు గర్వంగానే అనిపించింది.

రెండో రోజు ఒక గడ్డను పూర్తిగా తీసి బయాప్సీకి పంపారు. నాలుగో రోజు సాయంత్రం జ్వరం నూట నాలుగు దాటింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. వారానికి రిపోర్టు వచ్చింది. అందులో ఏమీ తేలలేదు. లింఫోమా అని లేదు, కాదనీ లేదు.

మేడమ్ ఆ రిపోర్టు, జ్వరం చార్టు, నా నోట్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టుకున్నారు. "ఇంటి దగ్గర ఈ జ్వరం మధ్యమధ్యలో నాలుగైదు రోజులు పూర్తిగా పోతోంది. ఇక్కడికి వచ్చాక మొదటి మూడు రోజులే లేదు, తర్వాత ఒక్కరోజు కూడా ఆగలేదు. ఏ మందూ పడకుండా ఇలా ఉండదు. మళ్లీ అడుగుతున్నాను. ఏదైనా ఇంజెక్షన్?"

"లేదు మేడమ్," అన్నాను నేను మళ్లీ.

సుశీల వెంకటయ్య వైపు చూసింది. వెంకటయ్య కిటికీ వైపు చూశాడు.

"అన్నా, నువ్వు జర పోయి చాయ్ తాగి రా," అంది సుశీల.

"నాకిప్పుడు చాయ్ వద్దు."

"నాకు కావాలె. తే, పో."

నేను చాయ్ తెచ్చేసరికి కేస్ షీట్‌లో కొత్త లైన్ ఒకటి ఉంది. డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు, చాలాసార్లు. అది స్టెరాయిడ్.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే పేపర్ల ఏస్తవు," అంది సుశీల. ఆమె గొంతులో కోపం లేదు.

వెంకటయ్య తల దించుకునే చెప్పాడు. "ఆ యేడు నువ్వు రాసినంకనే గద బావా మా అన్న దుకాణానికి తాళమేసింది? అప్పటిసంది ఇంట్ల నీ ముంగట సూది ముచ్చటే తియ్యం. నీ బండి సప్పుడైతె సూదుల డబ్బ మంచం కిందికి పోతుండె."

కొన్నేళ్ల కిందట గ్రామాల్లో ఆర్ఎంపీలు ఇస్తున్న స్టెరాయిడ్ల మీద నేను వార్త రాసిన మాట నిజం. అధికారులు వచ్చి కొన్ని క్లినిక్‌లు మూయించారు. వాటిలో రాములుది కూడా ఉంది. కొన్ని నెలలకు మళ్లీ తెరిచాడు. ఆ వార్తలో తప్పు లేదు. ఇవాళైనా అదే రాస్తాను. అయితే ఆ వార్త తర్వాత ఆ ఇంట్లో నేను ఏం అడిగినా సగం జవాబే వస్తోందని నాకు తట్టలేదు. తట్టకపోగా, ఆమెను అడిగిన ప్రశ్నకు నేనే రెండుసార్లు జవాబు చెప్పాను.

ఆస్పత్రి వరండాలోంచి రాములుకు ఫోన్ చేశాను.

"బావా, సుశీలకు ఏమేం సూదులిచ్చినవ్? ఎన్నడెన్నడిచ్చినవ్?"

"రాస్తవా?" అన్నాడు.

"రాస్త. పేపర్ల కాదు, దవాఖాన ఫైల్ల. డాక్టరమ్మకు నీ పేరుతోటి పనిలేదు. సూది పేరు, దినం కావాలె."

"డెక్సా బావా. జ్వరం పెరిగినప్పుడల్ల ఇచ్చిన. నా తమ్ముని పెండ్లాం మూల్గుతుంటే చేతులు కట్టుకొని చూస్త కూసోవాల్నా? ఇయ్యంగనే లేసి తిరిగె. మంచిగైతుందనుకున్న. గట్ల అనుకునుడే తప్పాయెనా?" అన్నాడు.

ఆయన దగ్గర తేదీలు లేవు. పెద్ద వాన పడిన రోజు, కూలీలు కర్ణాటక నుంచి దిగిన రోజు, మోటారు కాలిన రోజు, మేం హైదరాబాద్ బస్సెక్కే ముందురోజు అని గుర్తులు చెప్పాడు. వాటిని నా తేదీలతో కలుపుకుంటూ రాశాను. జ్వరం తగ్గిన ప్రతి రోజుకూ ముందురోజో, అంతకు ముందురోజో ఒక సూది ఉంది. 'మందు పనిచేస్తోంది' అని నేను గీత గీసిన పేజీకి రెండు రోజుల ముందు రెండు పూటలా ఇచ్చాడు. టీబీ మందు ఒక్కరోజు కూడా పనిచేయలేదు. చేయడానికి అక్కడ టీబీ లేదు.

మేడమ్ ఆ జాబితా చూశారు. ఆయన్నీ తిట్టలేదు, మమ్మల్నీ తిట్టలేదు. "స్టెరాయిడ్ గడ్డలో ఉన్న దాన్ని కప్పేస్తుంది. లింఫోమా అయితే మరీ కప్పేస్తుంది. చివరి సూది పడి పది రోజులైంది. ఇంకో వారం ఏమీ ఇవ్వకుండా ఉంచి, రెండో గడ్డ తీద్దాం. ఈలోపు జబ్బు విపరీతమైతే మాత్రం ఆగలేం. అలా మొదలైతే లివర్, రక్తం అన్నీ దెబ్బతింటాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు."

క్యాన్సర్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఆగాలి. ఆగితే అసలు మనిషే దక్కకపోవచ్చు. ఆ వారం మాకు తెలిసిన లెక్క ఇది ఒక్కటే. పారాసిటమాల్, తడిబట్ట తప్ప ఏమీ లేవు. జ్వరం రోజుకు రెండుసార్లు వచ్చేది. మోకాళ్లు వాచి మంచం దిగడం ఆగిపోయింది. నాలుగో రోజు ఫెరిటిన్ ఇంకా పైకి పోయింది, ప్లేట్‌లెట్లు పడిపోవడం మొదలైంది. అయిదో రోజు పరీక్ష చూసి మేడమ్ నిలబడే చెప్పారు. "వారం ఆగను. రేపు ఉదయం మొదటి కేసుగా గడ్డ తీస్తారు. అది బయటికి రాగానే స్టెరాయిడ్ మొదలుపెడతాను."

ఆమె వెళ్లాక సుశీల కళ్లు మూసుకునే అంది. "నన్ను సీడ్ పత్తి చేసిండ్రు అన్నా. ముందుగాల గిల్లుడు, ఎన్క పుప్పొడి."

వెంకటయ్య నవ్వబోయి బయటికి వెళ్లిపోయాడు.

అనుకున్నట్టే జరిగింది. గడ్డ తీశారు. గంటలోపు సెలైన్‌లో స్టెరాయిడ్ పెట్టారు. రెండో రోజుకు జ్వరం దిగింది. ప్లేట్‌లెట్లు పెరగడానికి వారం పట్టింది. ఈలోగా వెంకటయ్య వనపర్తి వెళ్లి మొదటి పరీక్ష స్లైడ్లు అడిగి తెచ్చాడు. పాథాలజీ వాళ్లు వాటినీ, కొత్త గడ్డనూ కలిపి చూశారు. లింఫోమా కాదు. టీబీ కాదు. కికుచి డిసీజ్ అన్నారు. లింఫ్ గ్రంథుల్లో క్రిమి ఏదీ లేకుండానే కణాలు చచ్చిపోయే జబ్బు.

"అయితే స్టిల్స్ కాదా మేడమ్?" అని అడిగాను.

"రెండూ ఉన్నాయి. స్టిల్స్ ఒక్కటే అనుకుంటే గడ్డలోని నెక్రోసిస్‌కు జవాబు లేదు. కికుచి ఒక్కటే అనుకుంటే ఈ కీళ్లకూ, ఇంత ఫెరిటిన్‌కూ జవాబు లేదు. ఒక్కొక్కటే అరుదు. రెండూ కలిసి ఒక మనిషిలో ఉండడం ఇంకా అరుదు. అందుకే అందరం ఒక్క పేరు కోసమే వెతికాం." కికుచి కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుందనీ, కొందరిలో తర్వాత ఎప్పుడో లూపస్, అంటే శరీరం తనమీద తనే దాడి చేసుకునే ఇంకో జబ్బు, రావచ్చు కాబట్టి రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలనీ చెప్పారు. స్టిల్స్‌కు మాత్రం చాలాకాలం మందు వాడాలి.

ఇంటికొచ్చాక దారి సాఫీగా లేదు. స్టెరాయిడ్ తగ్గించిన రెండుసార్లూ జ్వరం తిరగబెట్టింది. లివర్ దెబ్బతిని ఉండడంతో కొన్ని మందులు ఇవ్వలేకపోయారు. చివరికి టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. అది పడ్డాక వేళ్లు తెరుచుకున్నాయి. స్టెరాయిడ్‌తో ముఖం గుండ్రంగా ఉబ్బింది. పక్కింటామె చూసి, "దవాఖాన తిండి మంచిగ పట్టిందే సుశీలా!" అంది. "నువ్వు గూడ పోయి పండుకో అక్కా, నీకూ పడుతది," అంది సుశీల. ఆ మాటతో నాకు కొంత ధైర్యం వచ్చింది.

ఇప్పుడు రెండో సీజన్ నడుస్తోంది. విత్తన పత్తి ఒక్క ఎకరానికి తగ్గించారు. పొద్దున వేళ్లు సాగడానికి కొంత సమయం పడుతుంది, అందుకని అందరికంటే గంట ఆలస్యంగా చేనులోకి దిగుతుంది. పాత వేగం లేదు. పువ్వు మాత్రం జారడం లేదు. మెడలో గడ్డలు లేవు, రెండు కోతల మచ్చలున్నాయి. లూపస్ పరీక్షలో ఇప్పటివరకు ఏమీ రాలేదు.

రాములు వైద్యం మానలేదు. నేను ఆయన మీద మళ్లీ వార్త రాయలేదు. ఇది రాసే ముందు ఆయన్ను అడిగాను. "పేరు లేకుంటె రాయి," అన్నాడు. ఇప్పుడు అయిదు రోజులు దాటిన జ్వరాన్ని గద్వాల పంపుతున్నాడు. పంపేటప్పుడు ఇచ్చిన సూది పేరు, దినం చీటీ మీద రాసి ఇస్తున్నాడు. ఒకటి నాకు చూపించి, "చూడు బావా, నీ రాతకంటె నయమే," అన్నాడు. నిజంగానే నయం. అన్ని చీటీలూ రాస్తున్నాడో లేదో నాకు తెలియదు.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. జ్వరం ఎంతకీ తేలకపోతే, ఊళ్లో వేయించుకున్న సూదులతో సహా అన్నీ ఒకే చోట రాయండి. ఆ రాత రోగి చేతిలోనే ఉండాలి. డాక్టరు అడిగినప్పుడు రోగినే చెప్పనివ్వండి. పక్కనున్న మీరు అవసరమైతే చాయ్ కోసం బయటికి వెళ్లండి.

మా నోట్‌బుక్ ఇప్పుడు సుశీల దగ్గర ఉంది. వెళ్లినప్పుడు అడిగి చదువుతాను. కొన్ని పేజీలు ఇస్తుంది, కొన్ని ఇవ్వదు.